బోనఫైడ్: కాగితమా, నియ్యతా?

నేను లాయర్ని. పరకాల దిక్కు నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చి నాలుగేళ్లు కావొస్తోంది. రెండెకరాల చెలక కొన్నాడు. రిజిస్ట్రేషన్ అయింది, పాస్‌బుక్ చేతికొచ్చింది. ఏడాది తిరక్కముందే కోర్టు నుంచి సమన్లు అందాయి. అదే భూమిని ఎన్నో ఏళ్ల కింద సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద, కొన్నానని, తనకే రిజిస్ట్రేషన్ చేయించాలని ఇంకొకాయన దావా వేశాడు. కాగితాలన్నీ చూసి నేనన్నాను: "అన్నా, నువ్వు బోనఫైడ్ అని కోర్టులో చూపించుకోవాలె. కేసుకు అదే ప్రాణం." అతను తలూపి వెళ్లాడు.

వారం తర్వాత హన్మకొండలో నా ఆఫీసుకు వచ్చి, ప్లాస్టిక్ కవర్‌లోంచి ఒక కాగితం తీసి మెల్లగా టేబుల్ మీద పెట్టాడు. "సార్, బోనఫైడ్ తెచ్చిన. హెడ్మాస్టర్ సారు పాత రిజిస్టర్లన్నీ దులిపి ఎతికిచ్చిండు. రెండు దినాలు తిరిగిన."

అతను ఐదో తరగతి దాకా చదివిన ఊరి బడి ఇచ్చిన సర్టిఫికెట్ అది. గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ ఇంకుతో సంతకం. రెండు రోజుల కూలి పోగొట్టుకుని, బస్ చార్జీలు పెట్టుకుని తెచ్చాడు. తప్పు నాది. బోనఫైడ్ అన్న మాటకు మన జనం దగ్గర ఉన్న అర్థం అదే. నేను కోర్టు అర్థంలో వాడి, విడమరిచి చెప్పకుండా పంపించాను. ఆ రోజు అతనికి చెప్పాల్సింది ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర బోనఫైడ్ అంటే మొదట బడి కాగితమే. ఆర్టీసీ బస్ పాస్ కావాలన్నా, స్కాలర్‌షిప్‌కు పెట్టుకోవాలన్నా, ఉద్యోగానికి లోకల్ అని నిరూపించుకోవాలన్నా అదే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో ఉద్యోగాల కోసం తెలంగాణ 7 జోన్లయ్యాక దాని విలువ ఇంకా పెరిగింది. అంతకు ముందు ఉద్యోగాలకు 4 నుంచి 10వ తరగతి వరకు ఎక్కడ చదివారో చూసేవాళ్లు, ఇప్పుడు 1 నుంచి 7 వరకు చూస్తున్నారు. నోటిఫికేషన్ పడిందంటే ముప్పై ఏళ్లు దాటినవాళ్లు కూడా చిన్నప్పటి బడి వెతుక్కుంటూ పోతారు. చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే ఆ టెన్షన్ చెప్పలేం.

ఆ సర్టిఫికెట్‌లో అసలు ఏముంటుంది? ఫలానా విద్యార్థి ఈ బడికి 'బోనఫైడ్ స్టూడెంట్' అని ఒక వాక్యం ఉంటుంది. అంటే పేరుకు రిజిస్టర్‌లో ఉన్నవాడు కాదు, నిజంగా చదివినవాడు అని. అక్కడ బోనఫైడ్ విశేషణం, స్టూడెంట్ విశేష్యం. వాడుకలో విశేష్యం రాలిపోయింది, సర్టిఫికెట్ అన్న మాట కూడా రాలిపోయింది. విశేషణం ఒక్కటే మిగిలి, అదే కాగితం పేరైంది. "బోనఫైడ్ తెచ్చినవా?" అంటే లండన్‌లో ఎవరికీ అర్థం కాదు. వరంగల్‌లో అర్థం కానివాళ్లు ఉండరు. దీన్ని తప్పనడానికి లేదు. మాటలు ఎక్కడైనా ఇట్లాగే ఊరు మారతాయి, పని మారతాయి.

ఇక లాటిన్‌లో ఈ మాట ఎట్లా పుట్టిందో చూద్దాం. తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్లకు ఇది ఇంగ్లీషువాళ్లకంటే సులువుగా పట్టుబడుతుంది. లాటిన్‌లో 'ఫిదేస్' అంటే నమ్మకం, ఇచ్చిన మాట నిలబెట్టుకునే గుణం. 'బోనా' అంటే మంచి. 'బోనా ఫిదేస్' అంటే మంచి నమ్మకం. లాటిన్‌లో కూడా మనలాగే విభక్తులున్నాయి. మనం తృతీయకు చేత, చేన్, తోడ, తోన్ అని విడిగా చేర్చినట్టు, వాళ్లు మాట చివరనే మార్చేస్తారు. 'బోనా ఫిదేస్' కాస్తా 'బోనా ఫిదే' అయితే మన 'తో' చేరినట్టు: మంచి నమ్మకంతో. కాబట్టి పుట్టుకలో ఇది మనిషి చేసే పనికి సంబంధించిన మాట. బోనా ఫిదే కొన్నాడు, బోనా ఫిదే మాట ఇచ్చాడు, బోనా ఫిదే దున్నుకున్నాడు. పని ఎట్లాంటి మనసుతో చేశాడో అది చెబుతుంది.

ఫిదేస్‌కు రోమ్‌లో గుడి కూడా ఉండేది, కాపిటోలైన్ కొండ మీద. నమ్మకాన్ని వాళ్లు దేవతగా కొలిచారు. ఆ దేవతకు కుడిచేతితో సంబంధం. పూజ చేసే పూజారులు చేతిని వేళ్ల దాకా గుడ్డతో చుట్టుకునేవాళ్లని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. మనం "చేతుల చెయ్యేసి చెప్పు" అంటాం కదా, ఆ చెయ్యే ఇది. అదే కుటుంబం నుంచి ఇంకా మాటలు మనదాకా వచ్చాయి. నోటరీ దగ్గర రాయించే అఫిడవిట్‌లో ఉన్నది ఫిదేసే. కాన్ఫిడెన్స్‌లో ఉన్నదీ అదే. గొప్పగా ఉన్నవాళ్లను హైఫై అంటాం, అది ధ్వని అసలుకు నమ్మకంగా ఉందని చెప్పే హై ఫిడెలిటీకి పొట్టి రూపం. దాని వేరు కూడా అక్కడిదే.

మరి తెలుగులో బోనఫైడ్‌ను ఏమనాలి? పుస్తకాల్లో సద్భావన, సదుద్దేశం, చిత్తశుద్ధి అని రాస్తారు. మూడూ మంచి మాటలే. కానీ మా జిల్లాల్లో ఊళ్లో కూర్చున్న పెద్దమనుషులు వాడే మాట ఇంకొకటుంది: నియ్యత్. "వానికి నియ్యత్ లేదు." "నియ్యత్ మంచిగుంటె అన్నీ మంచిగుంటయి." నిజాం కాలంలో కోర్టుల భాష ఉర్దూ. ఇంగ్లీషు బోనఫైడ్‌కు ఉర్దూలో నేక్ నియ్యతీ, దాని ఎదురు మాట మాలఫైడ్‌కు బద్‌నియ్యతీ. కబ్జా, పట్టా, పహాణీ, బయానా, బైనామా మన భూమి మాటల్లో కలిసిపోయినట్టే నియ్యత్ కూడా కలిసిపోయింది. నా క్లయింటుకు నేను "నువ్వు మంచి నియ్యత్‌తో కొన్నవని చూపించాలె" అని ఉంటే బడి దాకా పోయేవాడు కాదు.

అయితే నియ్యత్ మనసులో ఉంటుంది. మనసులో ఉన్నదాన్ని జడ్జి ఎట్లా చూస్తాడు? చిక్కంతా ఇక్కడే. రోమన్లు కూడా ఇక్కడే తన్నుకులాడారు.

పాత రోమ్‌లో ఒప్పందమంటే మాటల తంతు. "ఇస్తానని మాటిస్తున్నావా?" "మాటిస్తున్నాను." ఆ మాటలు సరిగ్గా పలికితే కట్టుబడ్డట్టే, వెనుక మోసం ఉన్నా జడ్జి పలికిన మాటలే చూడాలి. వ్యాపారం పెరిగింది, బయటి దేశాలవాళ్లతో బేరాలు ఎక్కువయ్యాయి. అప్పుడు అమ్మకం, కిరాయి, భాగస్వామ్యం లాంటి వ్యవహారాలకు కొత్త రకం దావాలు వచ్చాయి. మంచి నమ్మకం ప్రకారం ఈయన ఏం ఇవ్వాలో, ఏం చెయ్యాలో అదంతా తేల్చమని జడ్జికి అధికారం ఇచ్చారు. న్యాయ చరిత్రలో నాకు చాలా ఇష్టమైన మలుపు అది. కాగితం మీది అక్షరం దాటి మనిషి నడతను కొలిచే హక్కు కోర్టుకు వచ్చింది.

అది ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పడానికి రోమన్ లాయరు, రచయిత సిసిరో ఒక సంగతి రాశాడు. కానియుస్ అనే రోమన్ సిసిలీ దీవిలోని సిరకూజ్ పట్నానికి వెళ్లి, దోస్తులను పిలిచి సేదతీరడానికి ఒక తోట కొనాలనుకున్నాడు. పిథియుస్ అనే షావుకారు విని, "నా తోట అమ్మకానికి లేదు గానీ, రేపు అక్కడే భోజనానికి రండి" అన్నాడు. వెంటనే జాలరులను పిలిపించి, రేపు నా తోట ముందరే చేపలు పట్టమన్నాడు. మర్నాడు కానియుస్ వచ్చేసరికి నీళ్ల నిండా పడవలు. ఒక్కొక్కరు వచ్చి చేపలు పిథియుస్ కాళ్ల దగ్గర కుమ్మరిస్తున్నారు. "సిరకూజ్ చేపలన్నీ ఇక్కడే ఉంటాయి" అన్నాడు పిథియుస్. కానియుస్ బతిమాలి, అడిగినంత ఇచ్చి, సామానుతో సహా కొన్నాడు. తెల్లారి దోస్తులను వెంటబెట్టుకుని పోతే ఒక్క పడవ లేదు. ఇవాళ జాలరులకు పండగా అని పక్కింటాయనను అడిగాడు. "నాకు తెలిసి ఏ పండగా లేదు. ఇక్కడ ఎవరూ చేపలు పట్టరు. నిన్న ఏమైందా అని నేనే అనుకుంటున్నా" అన్నాడాయన. అప్పటికి మోసం మీద ప్రత్యేకంగా దావా వేసే దారి ఇంకా రాలేదు, కానియుస్‌కు దిక్కు లేకపోయింది. సిసిరో మిత్రుడు అక్విలియుస్ ఆ తర్వాత ఆ దారి తెచ్చాడు.

ఆదివారం కార్లు పెట్టి, భోజనాలు పెట్టి వెంచర్ చూపించడం తెలిసినవాళ్లకు ఈ కథలో కొత్తేమీ కనిపించదు. నన్ను మాత్రం ఆ పక్కింటాయన పట్టుకున్నాడు. కొనకముందు ఒక్కసారి ఆయనను అడిగి ఉంటే కథే లేదు. కానియుస్‌ది మంచి నియ్యతే, ఎవరినీ ముంచాలనుకోలేదు. కానీ అడగలేదు.

లాటిన్ నుంచి ఈ మాట 16వ శతాబ్దంలో ఇంగ్లీషు చట్టాల్లోకి ఎక్కింది. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి ఆస్తిని బంధువుల పేరు మీద పెట్టేవాళ్లను ఆపడానికి 1571లో ఎలిజబెత్ రాణి కాలంలో ఒక చట్టం చేశారు. న్యాయమైన వెల ఇచ్చి బోనఫైడ్‌గా కొన్నవాళ్లను మాత్రం ముట్టొద్దని అందులో మినహాయింపు పెట్టారు. మన 1882 ఆస్తి బదిలీ చట్టంలో 53వ సెక్షన్ దాని వారసురాలే.

అదే మాట ఇంగ్లండ్‌లో ఇంకో దారిలో కూడా నడిచింది. ఆదివారాలు మద్యం దుకాణాలు మూసే వేళల్లో 'బోనఫైడ్ ప్రయాణికుడి'కి మాత్రం మందు పోయొచ్చన్నారు. నిజమైన ప్రయాణికుడు ఎవరని తగాదా వచ్చింది. 1874 చట్టం కొలత పెట్టింది: ముందు రాత్రి పడుకున్న చోటు అక్కడికి కనీసం మూడు మైళ్ల దూరం ఉండాలి. ఐర్లండ్‌లో అయితే అట్లా తాగడానికి వెళ్లే ఊరి బయటి దుకాణాన్నే 'బోనఫైడ్' అన్నారు. మనం సర్టిఫికెట్‌ను అన్నట్టే. మనసును కొలవలేక అక్కడ మైళ్లను కొలిచారు, మన దగ్గర తరగతులను కొలిచారు. ఆఫీసు పని అట్లా కొలిస్తేనే నడుస్తుంది. కోర్టుకు అది చాలదు.

మన చట్టాలు మంచి నమ్మకాన్ని ఒకే రకంగా నిర్వచించలేదు. లాయర్లలో కూడా చాలామంది దీన్ని కలగలిపేస్తారు. 1897 జనరల్ క్లాజుల చట్టం ప్రకారం, నిజాయితీగా చేస్తే చాలు, అందులో నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా అది మంచి నమ్మకమే. ఆ తర్వాత వచ్చిన కేంద్ర చట్టాలకు, వాటిలో వేరే నిర్వచనం లేకపోతే, ఇదే వర్తిస్తుంది. పాత శిక్షాస్మృతి 52వ సెక్షన్ దీనికి ఎదురుగా నిలబడింది: తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది, నమ్మింది మంచి నమ్మకం కిందికి రాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అదే నిర్వచనాన్ని ఉంచుకుంది. 1963 కాలపరిమితి చట్టం కూడా జాగ్రత్త కావాలనే అంటుంది. అంటే మనసు శుభ్రంగా ఉండి కళ్లు మూసుకున్నవాడు ఒక చట్టం కింద బోనఫైడ్, ఇంకో చట్టం కింద కాదు. అందుకే "నేను బోనఫైడ్" అన్నవాళ్లను ముందు అడగాల్సింది, ఏ చట్టం కింద అని.

భూమి కొన్నవాళ్లకు చట్టం ఇంకో మెట్టు పెట్టింది. మీకంటే ముందు ఇంకొకరితో ఒప్పందం ఉన్నా, మీరు డబ్బు చెల్లించి, మంచి నమ్మకంతో, ఆ ఒప్పందం గురించి తెలియకుండా కొంటే మీకు రక్షణ ఉంది. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19వ సెక్షన్ మాట ఇది. డబ్బు ఇవ్వాలి, నియ్యత్ ఉండాలి, తెలియకుండా ఉండాలి. మూడూ ఉన్నాయని చూపించే భారం కొన్నవాడిదే. ఈ 'తెలియకుండా' దగ్గరే మా జిల్లాల కేసులు ఎక్కువగా దెబ్బతింటాయి. ఆస్తి బదిలీ చట్టంలో 1929లో చేర్చిన వివరణ ప్రకారం, భూమి మీద ఎవరైనా స్వయంగా కబ్జాలో ఉంటే, ఆయనకు ఏ హక్కు ఉందో కొన్నవాడికి తెలిసినట్టే లెక్క. నిజంగా తెలిసిందా లేదా అన్నదాంతో పనిలేదు. పొలానికి పోయి అడిగితే తెలిసేది కదా అని చట్టం అంటుంది.

సాదా బైనామాలు ఇంతగా ఉన్న మా ప్రాంతంలో ఆ ఒక్క వాక్యం బరువు చాలా ఎక్కువ. తెల్లకాగితం మీద రాసుకుని, పెద్దమనుషుల సంతకాలు పెట్టించుకుని, పైసలు కట్టి, దున్నుకుంటూ బతికిన కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఆ కాగితంతోనే యాజమాన్యం రాదు. వాటిని సరిచేయడానికి 2020లో ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది, 2025 భూభారతి చట్టంలో వాటికి దారి పెట్టారు. ఈలోగా రికార్డులో పట్టా పాత యజమాని పేరు మీదే ఉంటుంది. ఆయన లేదా ఆయన కొడుకు ఇంకొకరికి అమ్ముతాడు. కొన్నవాడు ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీస్తాడు, పాస్‌బుక్ చూస్తాడు, లింక్ డాక్యుమెంట్లు చూస్తాడు. అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే సాదా బైనామా ఈసీలో కనపడదు. పాత పహాణీల్లో, అంటే ఊరి భూమి రికార్డుల్లో, పట్టాదారు పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది, దున్నేవాడి పేరు అక్కడ దొరికేది. ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ ధరణితో అది పోయింది. ఆ తర్వాత ఆ పేరు దొరికేది మోకా మీదే, పొలం గట్టు మీద.

నా క్లయింటుకు బ్రోకర్ భూమిని రోడ్డు మీద నుంచి చూపించాడు. రోడ్డు వైపు ఎకరం పడావుగా ఉంది. తుమ్మలు దాటి వెనుక ఎకరంలో సాదా బైనామా ఆయన పత్తి వేసుకుని ఉన్నాడు. వెనుకదాకా పోయినవా అని అడిగితే, "లేదు సార్, ఎండ కొడుతుండె, బ్రోకర్ అంతా ఒకే బిట్టు అన్నడు" అన్నాడు. అతని నియ్యత్ మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ వెనుక ఎకరం విషయంలో నేను ఎంత వాదించినా ఆ పత్తి చేను నాకు అడ్డం నిలబడుతుంది.

ఈ మాట ఇంకొన్ని చోట్ల కూడా ఎదురవుతుంది. ఇంటి యజమాని కిరాయిదారును ఖాళీ చేయించాలంటే, 1960 కిరాయి నియంత్రణ చట్టం కింద తనకు ఆ ఇల్లు, ఆ దుకాణం 'బోనఫైడ్‌గా' కావాలని చూపించాలి. కొడుకుకు షాపు పెట్టించాలన్నది నిజమైన అవసరమా, ఎక్కువ కిరాయికి ఇవ్వడానికి సాకా అన్నది చూస్తారు. ఉద్యోగులు బదిలీ మీద కోర్టుకు పోయినప్పుడు ఆ ఆర్డర్ మాలఫైడ్ అంటారు. అది దీనికి ఎదురు మాట: చెడు నియ్యత్‌తో చేసింది.

ఇంగ్లీషు రాసే పిల్లలకు రెండు సంగతులు. అక్కడ దీన్ని రెండు మాటలుగా రాస్తారు. మనం కలిపి రాసేది భారతదేశపు అలవాటు, సర్టిఫికెట్ వరకు దాంతో ఇబ్బంది లేదు. పలకడంలో బ్రిటిష్‌వాళ్లు చివర 'ఫైడీ' అంటారు, అమెరికాలో మనలాగే 'ఫైడ్' అంటారు, కాబట్టి ఇంటర్వ్యూలో భయపడక్కర్లేదు. 'బోనా ఫైడ్స్' అన్నది వేరే మాట. చివర 'స్' చూసి బహువచనమనుకుని ఇంగ్లీషువాళ్లే బహువచన క్రియ వాడుతున్నారు. లాటిన్‌లో అది ఏకవచనం, మంచి నమ్మకం అన్న నామవాచకం. ఒకరి మాట నమ్మదగిందని చూపించే ఆధారాలు అన్న అర్థంలో కూడా ఇప్పుడు వాడుతున్నారు.

మళ్లీ నా క్లయింటు దగ్గరికి. ముందు ఎకరంలో అతను కొన్న ఏడాదే బోరు వేశాడు, మామిడి మొక్కలు పెట్టాడు. సందుల్లో మిర్చి వేసి ఎనుమాముల మార్కెట్‌కు తోలుతున్నాడు. ఆస్తి బదిలీ చట్టం 51వ సెక్షన్ ఇట్లాంటివాళ్ల కోసమే రాశారా అనిపిస్తుంది. భూమి పూర్తిగా తనదేనని మంచి నమ్మకంతో నమ్మి దాన్ని బాగుచేసినవాడిని, తర్వాత అసలు హక్కుదారు వెళ్లగొడితే, ఆ బాగుచేసిన దాని విలువ కట్టి ఇప్పించమని అడిగే హక్కు ఉంది. లేదంటే హక్కుదారు తన హక్కును, ఆ బాగుచేసిన విలువను లెక్కలోకి తీసుకోకుండా, మార్కెట్ ధరకు అతనికే అమ్మాలి. వేసిన పంట చేను మీద ఉంటే ఆ పంట అతనిదే. కోసుకోవడానికి, మోసుకుపోవడానికి వచ్చిపోయే దారి కూడా ఇవ్వాలి. భూమి పోయినా మనిషి చెమట పోకూడదని 1882లోనే రాసిపెట్టిన ఆ సెక్షన్ చదివినప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

కేసు ఇంకా నడుస్తోంది. పోయిన వాయిదాకు అతను వచ్చినప్పుడు బోరు బిల్లు, మోటరు రశీదు, నర్సరీలో మామిడి మొక్కలు కొన్న చీటీ, మార్కెట్ తక్‌పట్టీలు (పంట అమ్మిన రశీదులు) తెమ్మన్నాను. ఏమేం తేవాలో, ఎక్కడెక్కడ అడగాలో ఒక్కొక్కటిగా తెలుగులో రాసి అతని చేతికిచ్చాను.